పసిపిల్లల పంతులమ్మకు ఎవరు నేర్పుతారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 వెనక వరుసల్లో మన మండలం అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మలు కొందరు కూర్చున్నారు. సంఘం వాళ్లు పిలిస్తే పని ముగించుకొని వచ్చారు.  ఈరోజు నేను మాట్లాడబోయేది వాళ్ల గురించే.

స్వర్ణోత్సవం అనగానే జ్ఞాపకాలు చెప్పుకుంటాం. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, పొద్దుటినుంచి మనల్ని నవ్వించారు కూడా. నేను మటుకు నా ఉద్యోగంలో తెలుసుకున్న ఒక సంగతి మీ ముందు పెడతాను. ఈ బడిలో పదో తరగతి పాసై, డిగ్రీ చదివి, ఈ జిల్లాలోనే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా చేతిలో ఉన్న విద్య అదొక్కటే.

మన సంఘానికి 50 ఏళ్లు. ఐసీడీఎస్‌కు కూడా 50 ఏళ్లే. 1975 అక్టోబరు 2న గాంధీ జయంతి నాడు దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో అది మొదలైంది. ఇవాళ ఒక్క తెలంగాణలోనే 35,700 కేంద్రాలున్నాయి. నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా బడి పక్కనో, గుడి ముందో, పంచాయతీ ఆఫీసు వెనకనో ఒక అంగన్‌వాడీ కనబడుతుంది. మన మనవలు, మనవరాళ్లు ఇంట్లోంచి మొదటి అడుగు బయట పెట్టేది అక్కడికే.

మన దగ్గర ఎవరింటికి పోయినా పదిలో ఎన్ని మార్కులు, ఇంటర్‌లో ఏ గ్రూపు, ఇంజినీరింగ్ సీటు ఎక్కడ అని అడుగుతారు. నాలుగేళ్లప్పుడు ఈ పిల్లకు కథలు ఎవరు చెప్పారు అని అడిగినవాళ్లను నేను చూడలేదు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం మాత్రం ఆ ప్రశ్న అడిగింది. మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాసింది. 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే మెట్టుగా, పునాది దశగా లెక్కగట్టింది. అంగన్‌వాడీలో మూడేళ్లు, బడిలో ఒకటి, రెండు తరగతులు కలిస్తే ఆ మెట్టు. అంటే కాగితం మీద అంగన్‌వాడీ టీచరు, ఒకటో తరగతి టీచరు ఒకే దశలో పనిచేసే తోటి ఉపాధ్యాయులు. ఊళ్లోకి పోయి చూడండి. ఒకే ఆవరణలో పనిచేస్తున్నా ఒకరి గదిలోకి ఒకరు తొంగిచూసింది తక్కువ.

హైస్కూలు సారుకు బీఎడ్ ఉంటుంది. ప్రైమరీ టీచరుకు డీఎడ్ ఉంటుంది. నల్లగొండలో వాళ్ల కోసం డైట్ ఉంది. మరి మూడేళ్ల పిల్లకు చదువు చెప్పే మనిషికి చదువు చెప్పడం ఎవరు నేర్పుతారు? ఎన్ని రోజులు నేర్పుతారు? నేర్పి ఊరికి పంపినాక ఆమె వెనక ఎవరుంటారు? ఈ మూడో ప్రశ్నే నాకు ముఖ్యం.

ఈ దేశంలో పసిపిల్లల చదువు గురించి ఆలోచించినవాళ్లందరూ ముందు టీచర్లను తయారుచేసే పని పెట్టుకున్నారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు వకాలతు వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టాడు. పిల్లల బడి పెట్టిన కొన్నేళ్లకే టీచర్లకు కూడా బడి పెట్టాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ బొంబాయి దగ్గర బోర్డి అనే ఊరికి పోయి, ఆ తర్వాత కోస్‌బాడ్ కొండల్లో అనుతాయి వాఘ్‌ను తోడు తీసుకొని ఆదివాసి పిల్లలతో పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడిని వాళ్ల ముంగిట్లోకి తీసుకుపోయింది. అంగన్ అంటే ముంగిలి. ఇవాళ మనం వాడే అంగన్‌వాడీ అనే మాట అక్కడినుంచి వచ్చిందే. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చినప్పుడు ఆమె చేసిన మొదటి పని టీచర్ల శిక్షణ తరగతి. దేశం నలుమూలలనుంచి మూడు వందల మంది దాకా వచ్చారంటారు. మన తెలుగింటి ఆడబిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. ఆ బోర్డు సాయంతో పల్లెల్లో బాలవాడీలు పుట్టాయి. వాటికోసమే బాలసేవికల శిక్షణ మొదలైంది.

ఐసీడీఎస్ వచ్చినప్పుడు ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. టీచరును పైనుంచి పంపకుండా ఆ ఊరి మనిషినే తీసుకున్నారు. భాష తెలుసు, ఇంటింటి సంగతి తెలుసు, ఏ పిల్ల తల్లి పత్తి ఏరడానికి పోయిందో, ఏ పిల్ల తండ్రి హైదరాబాదులో ఉన్నాడో తెలుసు. అయితే జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. పది పాసైనవాళ్లకు నెలకు 150 రూపాయలు, కానివాళ్లకు 100. ఇప్పుడు మన రాష్ట్రంలో 13,650 ఇస్తున్నారు. కార్యకర్త అనే పిలుపు పోయి టీచర్ అనే పిలుపు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. పిలుపు మారింది, డబ్బు కొంత పెరిగింది. నేర్చుకునే ఏర్పాటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

ఉద్యోగంలో చేరినవాళ్లకు శిక్షణ కేంద్రంలో 26 పని దినాల తరగతి అనేది మా కాలంలో లెక్క. ఆ తర్వాత అప్పుడప్పుడు అయిదు రోజుల పునశ్చరణ తరగతి. ఆ 26 రోజుల్లో పోషకాహారం, టీకాలు, గర్భిణుల సంరక్షణ, తూకం వేసి ఎదుగుదల గీత గీయడం, రికార్డులు రాయడం, తల్లుల సమావేశం పెట్టడం, వీటన్నిటితోపాటు పూర్వ ప్రాథమిక విద్య. ఆ శిక్షణను నేను తక్కువ చేయను. ఇంటి గడప దాటి నలుగురిలో మాట్లాడని ఆడపిల్లలు అక్కడికి పోయి, పాట పాడి, ఆట ఆడి, ధైర్యం తెచ్చుకొని వచ్చేవాళ్లు. స్నేహాలు కలిసేవి. కొందరు అక్కడ నేర్చిన అభినయ గీతాలు ముప్పై ఏళ్ల తర్వాత కూడా పాడుతున్నారు.

కానీ హాల్లో నేర్చుకున్నది ఊళ్లో నిలబడాలంటే ఇంకేదో కావాలి. అదేంటో మూడు ఉదాహరణలతో చెప్తాను.

మొదటిది చింతగింజలు. ఒక కేంద్రానికి పోయాను. నాలుగున్నరేళ్ల పిల్లవాడు ఒకటినుంచి యాభై దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. తల్లి మురిసిపోయింది. టీచరు అతని ముందు చింతగింజలు కుప్ప పోసి, "ఆరు ఇవ్వు బిడ్డా" అంది. పిల్లవాడు గుప్పెడు తీసి ఇచ్చాడు. ఆమె కోప్పడలేదు, నవ్వలేదు. ఒక్కో గింజ పక్కకు జరుపుతూ ఒక్కో అంకె చెప్పించింది. మర్నాడు గుడ్లు పంచేటప్పుడు, "ఈ వరుసలో ఎందరున్నారో చూసి అన్ని పళ్లేలు తీసుకురా" అని ఆ పిల్లవాణ్నే పంపింది. అంకెల పాట రావడం ఒకటి, ఆరు అంటే ఎంతో తెలియడం ఇంకొకటి. ఈ తేడా పుస్తకంలో ఒక్క వాక్యం. పిల్లవాడి చేతిలో గుప్పెడు గింజలు చూసినప్పుడు గానీ అది టీచరుకు అర్థం కాదు. చూసింది అర్థం కావాలంటే, "అక్కా, మా దగ్గర కూడా అట్లనే అయింది" అనే ఇంకో టీచరు ఉండాలి.

రెండోది భాష. మన జిల్లాలో తండాలు ఎక్కువ. దేవరకొండ వైపు పోతే మరీ ఎక్కువ. తండా పిల్ల ఇంట్లో అమ్మను యాడీ అంటుంది. అంగన్‌వాడీకి వస్తే అక్కడ తెలుగు పాట, దానిమీద ఇంగ్లిష్ రైము. ఆ పిల్ల నెల రోజులు నోరు విప్పదు. రిజిస్టరు చూస్తే హాజరు ఉంటుంది, పిల్ల మాత్రం లేనట్టే. బయటి ఊరినుంచి వచ్చిన ఒక టీచరు ఏం చేసిందంటే, తండాలోని పెద్దమ్మను రోజూ గంటసేపు కూర్చోబెట్టి ఆమెతో లంబాడీలో కథ చెప్పించింది. తనూ పిల్లలతోపాటు కూర్చొని విన్నది. తర్వాత అదే కథ తెలుగులో తను చెప్పింది. పిల్లలే ఆమెకు మాటలు సరిదిద్దేవాళ్లు. సరిదిద్దడానికైనా నోరు విప్పాలి కదా! ఆ ఉపాయం ఆమెకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. అయితే ఆమె చేసిన పని పక్క తండా టీచరుకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. వాళ్లిద్దరూ కూర్చొని పిల్లల గురించి మాట్లాడుకునే చోటు ఎక్కడా లేదు.

మూడోది రాత. మూడేళ్లు నిండాయో లేదో, "మా పిల్లకు ఏబీసీడీలు రాయిస్తున్నారా" అని అడుగుతారు. చేతి ఎముకలు, వేళ్ల కండరాలు ఇంకా ముదరని వయసులో పెన్సిలు పట్టిస్తే పిల్ల అక్షరాన్ని కాదు, నొప్పిని నేర్చుకుంటుంది. పిండి ముద్ద పిసకడం, కాగితం చింపడం, పూలు గుచ్చడం, ఇసుకలో వేలితో గీయడం, ఇవన్నీ రాతకు ముందు మెట్లు. బతుకమ్మ పండుగ వచ్చినప్పుడు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు కుప్ప పోసి వేరుచేయమంటే చాలు. రంగు, పరిమాణం, ఎక్కువ, తక్కువ, వరుస, అన్నీ అందులోనే ఉన్నాయి. గచ్చకాయలు, వామనగుంటలు లెక్కల తరగతులే. ఇది తెలిసిన టీచరు కూడా తల్లిదండ్రుల ఒత్తిడికి లొంగి పలక చేతికిస్తుంది. ఎందుకంటే ఆమె ఒంటరి. "పిల్లలు ఆడుతున్నారు, మీరేం చెప్తున్నారు" అని ఊరంతా అడిగినప్పుడు జవాబు చెప్పే ధైర్యం ఒంటరి మనిషికి రాదు. పదిమంది టీచర్లు ఒక్కమాట మీద ఉంటే వస్తుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2011 నుంచి కొన్నేళ్లపాటు ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి ఒక పెద్ద అధ్యయనం చేశాయి. రాజస్థాన్, అస్సాంతోపాటు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మన తెలంగాణ పల్లెలు అందులో ఉన్నాయి. దాదాపు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసునుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా గమనించారు. అయిదేళ్లప్పుడు బడికి తయారుగా ఉన్న పిల్లలు తరువాతి తరగతుల్లో మెరుగ్గా నేర్చుకున్నారు. కానీ ఎక్కువమంది అట్లా తయారు కాలేదు. అంగన్‌వాడీల్లో చదువు చెప్పే సమయం తక్కువ. ప్రైవేటు నర్సరీల్లో సమయం ఉన్నా, పిల్లల వయసుకు తగని బట్టీ, రాత ఎక్కువ. రెండుచోట్లా లోపించింది ఒకటే. ఆ వయసు పిల్లలు ఎట్లా నేర్చుకుంటారో తెలిసి, అట్లా నేర్పే తీరు.

ప్రైవేటు నర్సరీల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఇంటర్ పాసైన ఆడపిల్ల ఖాళీగా ఉంటే నర్సరీ టీచరుగా పెట్టుకుంటారు. హైస్కూలు లెక్కల సారును పెట్టుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగే యాజమాన్యం నర్సరీ టీచరును ఏమీ అడగదు. చిన్నపిల్లలే కదా అనుకుంటారు. ఆ అమ్మాయికి 26 రోజుల శిక్షణ కూడా ఉండదు. కాబట్టి నేను ఈరోజు అడిగేదాంట్లో వాళ్లు కూడా ఉన్నారు. పిల్లలు ఎవరి దగ్గరున్నా మన ఊరి పిల్లలే.

తమిళనాడులో ఇంకో ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీ కేంద్రాలు తీసుకొని, వాటిలో సగం కేంద్రాల్లో పిల్లల చదువు కోసమే పూటకు ఒక మనిషిని అదనంగా పెట్టారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తిరిగేసరికి లెక్కల్లోనూ, భాషలోనూ పిల్లలు ముందుకు పోయారు. విచిత్రం ఏమంటే ఆ కేంద్రాల్లో పోషకాహార లోపం కూడా తగ్గింది. ఎందుకంటే పాత టీచరుకు పోషకాహారం పని చూసుకునే తీరిక దొరికింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. టీచరుకు శిక్షణ ఇచ్చేముందు సమయం ఇవ్వాలి.

మన టీచరు రోజు ఎట్లా గడుస్తుందో వెనక కూర్చున్నవాళ్లను అడగండి. తలుపు తీయడం, పిల్లలను పిలుచుకు రావడం, గుడ్లు, పాలు లెక్క చూడడం, ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు భోజనం పెట్టించడం, బాలామృతం ప్యాకెట్లు ఇవ్వడం, తూకాలు, టీకాల రోజు, ఇంటింటి సర్వే, చాలాచోట్ల ఓటరు జాబితా పని. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ ఫోనులోకి వచ్చింది. సిగ్నల్ లేకపోతే మిద్దె ఎక్కి నమోదు చేస్తారు. నెలకోసారి సెక్టార్ మీటింగ్ ఉంటుంది. అదొక్కటే టీచర్లందరూ కలుసుకునే రోజు. ఆ రోజు ఏం మాట్లాడుకుంటారు? ఎన్ని నమోదయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎందుకు మిగిలాయి. పూట గడిచిపోతుంది. పిల్లల పేరు ఒక్కటీ వినబడదు.

ఈమధ్య కదలిక వచ్చిన మాట నిజం. విద్యావిధానం ప్రకారం ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలి. ఫోను, టీవీ చానళ్ల ద్వారా ఇంటినుంచే నేర్చుకోవచ్చు, నెలకు ఒక్కసారైనా ఎదురుగా కూర్చునే తరగతి ఉండాలి అని రాశారు. 2023 మేలో పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమం ప్రకటించి, టీచర్లకు మూడు రోజుల శిక్షణ మొదలుపెట్టారు. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకోసం ఆధారశిల అనే పాఠ్య ప్రణాళిక వచ్చింది. ఆట ద్వారా చదువు, మాతృభాష, బొమ్మలు, కథలు, అందులో మాటలు మంచివే. మూడు రోజుల్లో ఒక మంచిమాట చెవిన పడుతుంది. అది చేతికి రావాలంటే మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లు పక్కన ఎవరు నిలబడతారనేదే నేను మొదట అడిగిన మూడో ప్రశ్న.

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీ అనే ఊళ్లో 1962లో 123 మంది పేద పిల్లలతో మొదలైన ఒక అధ్యయనాన్ని లోకమంతా చెప్పుకుంటుంది. మంచి ప్రీస్కూలు చదివిన పిల్లలు నలభై ఏళ్ల వయసులో కూడా మెరుగ్గా ఉన్నారని అందరూ ఫలితం చెప్తారు. అక్కడ టీచరుకు అయిదారుగురు పిల్లలే అని, ప్రతి వారం గంటన్నర పిల్ల ఇంటికి పోయి తల్లితో కూర్చునేదని చెప్పేవాళ్లు తక్కువ. జపాన్‌లో టీచర్లు నలుగురైదుగురు కలిసి ఒక పాఠం తయారు చేసుకుంటారు. ఒకరు చెప్తారు, మిగతావాళ్లు వెనక నిలబడి టీచరును కాకుండా పిల్లలను చూస్తారు. తర్వాత కూర్చొని ఏ పిల్ల ఎక్కడ ఆగిందో మాట్లాడుకుంటారు. ఇది వందేళ్లకు పైబడిన అలవాటు. దానికి కంప్యూటరు అక్కర్లేదు, పెద్ద హాలు అక్కర్లేదు. ఒక పూట, నలుగురు మనుషులు, ఒకరిమీద ఒకరికి నమ్మకం చాలు.

ఆ నమ్మకం గురించి ఒక్క మాట. సూపర్‌వైజర్ జీపు దిగితే టీచరు చేసే మొదటి పని రికార్డులు తీయడం. తనిఖీకి వచ్చిన మనిషి ముందు ఎవరూ తమకు రానిది చెప్పుకోరు. మా సెక్టారులో మేము చేసుకున్న ఏర్పాటు చిన్నది. మీటింగు రోజు మొదటి గంట రికార్డులు తెరవవద్దు. ప్రతి టీచరు ఒక పిల్ల గురించి ఒక సంగతి చెప్పాలి. బొమ్మ తెచ్చినా సరే, పిల్ల అన్న మాట తెచ్చినా సరే. మొదటి నెలల్లో, "అంతా బాగనే ఉంది మేడం" అని కూర్చునేవాళ్లు. నాలుగో నెలకు ఒకామె లేచి, "మా దగ్గర ఒక పిల్లవాడు ఎవరినీ చూడడు, పిలిస్తే పలకడు, నాకు ఏం చేయాలో తెలుస్తలేదు" అన్నది. ఇంకొకామె, "చెవులు చూపించినవా" అన్నది. చూపిస్తే ఆ పిల్లవాడికి వినికిడి లోపం ఉందని తేలింది. ఆ పిల్లవాణ్ని అప్పటిదాకా మొండివాడు అనేవాళ్లు. ఒక టీచరు నాకు తెలుస్తలేదు అని ధైర్యంగా అనగలిగితే ఒక పిల్లవాడి బతుకు దారి మారింది. ఈ పెద్ద పెద్ద మాటలన్నిటి వెనకా ఉన్నది ఇదే.

ఇప్పుడు మన సంఘం సంగతికి వస్తాను. స్వర్ణోత్సవం గుర్తుగా ఏదైనా కట్టాలని అనుకుంటున్నారు. గేటు కట్టండి, మంచినీళ్ల ట్యాంకు కట్టండి, సంతోషమే. వాటితోపాటు నాలుగు పనులు అడుగుతున్నాను.

మొదటిది, నెలకు ఒక శనివారం పూట మన బడిలో ఒక గది. ఆ పూట మండలంలోని అంగన్‌వాడీ టీచర్లు, ఒకటి, రెండు తరగతులు చెప్పే ప్రైమరీ టీచర్లు, ప్రైవేటు బడుల నర్సరీ టీచర్లు కలిసి కూర్చుంటారు. సీడీపీఓ గారిని, ఎంఈఓ గారిని మన సంఘం పెద్దలే పోయి అడగాలి. ఆ పూటను డ్యూటీగానే లెక్కగట్టాలి. సెలవురోజు పిలిస్తే అది నేర్చుకోవడం కాదు, ఇంకో వెట్టి అవుతుంది. వచ్చేవాళ్లకు బస్సు చార్జీ, చాయ మనం చూసుకుందాం. ఆయమ్మలను కూడా పిలవండి. పిల్ల ఏడిస్తే ఎత్తుకునేది వాళ్లే.

రెండోది, బొమ్మల పుస్తకాల పెట్టె. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్లు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు తెలుగులో చిన్నపిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. ఒక పెట్టెడు పుస్తకాలు నెలకో కేంద్రానికి తిరుగుతుంటే పిల్లలకు పుస్తకం, టీచరుకు కొత్త కథ. విదేశాల్లో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది ఒక్కరోజులో చేయగలరు.

మూడోది, డాక్టర్లు. మన నార్కట్‌పల్లిలోనే కామినేని మెడికల్ కాలేజీ ఉంది. మన పూర్వ విద్యార్థుల్లో కూడా డాక్టర్లున్నారు. చెవి, కన్ను, మాట ఆలస్యం, నడక ఆలస్యం, వీటిని టీచరు కంటికి ఎట్లా పట్టుకోవాలో ఏడాదికి రెండుసార్లు వచ్చి చూపిస్తే చాలు. ఉపన్యాసం వద్దు, పిల్లలను చూస్తూ చెప్పండి.

నాలుగోది, చదువుకుంటానన్నవాళ్లకు ఫీజు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటర్ పాసైనవాళ్లకు పూర్వ బాల్య విద్యలో ఏడాది డిప్లొమా దూరవిద్యగా ఉంది. ఏడాదికి ఇద్దరికి మన సంఘం ఫీజు కట్టినా పదేళ్లలో ఇరవై మంది తయారవుతారు. మండలానికి అది చిన్న సంఖ్య కాదు.

ఇవన్నీ ఎందుకంటే, జూన్ వచ్చిందంటే పొద్దున్నే మన ఊళ్లలోకి పసుపు బస్సులు వస్తాయి. మూడేళ్ల పిల్లలను ఎక్కించుకొని పోతాయి. తల్లిదండ్రులను తప్పుపట్టను. పిల్ల బాగుపడాలనే ఆశతోనే అప్పు చేసైనా పంపుతారు. కానీ మూడేళ్లప్పుడు బస్సెక్కిన పిల్ల మళ్లీ ఊరి బడికి తిరిగిరాదు. ప్రైమరీ బడిలో పిల్లలు తగ్గుతారు, టీచర్లు తగ్గుతారు, బడి మూతపడుతుంది. ప్రైమరీ మూతపడితే హైస్కూలుకు పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? మన సంఘం నూరేళ్ల పండుగ చేసుకునే నాటికి పూర్వ విద్యార్థులు ఉండాలంటే, ముందు విద్యార్థులు ఉండాలి కదా! ఆ బస్సు దగ్గర తల్లి మనసు మార్చగలిగేది మన ఉపన్యాసాలు కాదు. "మా అంగన్‌వాడీ టీచరు దగ్గర మా పిల్ల బాగ నేర్చుకుంటున్నది" అని పక్కింటామె చెప్పే మాట. ఆ మాట నిజం కావాలంటే ఆ టీచరు నేర్చుకోవడానికి మనం తోడుండాలి.

చివరగా వెనక కూర్చున్న నా చెల్లెళ్లకు. సంఘం ఒప్పుకుంటుందని నా నమ్మకం. ఒప్పుకుంటే మొదటి శనివారం వచ్చేటప్పుడు రిజిస్టర్లు తేవద్దు. ఫోను సంచిలో పెట్టుకోండి. మీ దగ్గరున్న పిల్లల్లో మీకు అర్థంకాని ఒక్క పిల్లను ఎంచుకోండి. వారం రోజులు ఆ పిల్ల ఏం చేస్తుందో, ఎవరితో ఆడుతుందో, ఎప్పుడు ఊరుకుంటుందో చూడండి. చూసింది నాలుగు వాక్యాలు రాసుకొని రండి. మిగతాది కూర్చొని మాట్లాడుకుందాం. నేనూ వస్తాను.